నర్సాపురము లేసు, సెల్‌ఫోను చాటింపు

పల్లెలో ఏ వార్తయైనను అందరకు తెలియవలెనన్న పూర్వము టముకు వేయించెడివారు. టముకు కొట్టువాడు వీధి మొగలో నిలిచి, నాలుగు దెబ్బలు వేసి, గొంతెత్తి సంగతి చెప్పి ముందుకు సాగిపోయెడివాడు. వినినవా రెందరు, వినినవారిలో ఆ వార్త అక్కరకు వచ్చినవా రెందరు, వచ్చినవారిలో దానినిబట్టి కదలినవా రెందరు అను మూడు ప్రశ్నలకును అతనియొద్ద సమాధానము లేదు. సరకు అమ్ముకొనువానికి కావలసినవి ఈ మూడు సంఖ్యలే. డిజిటల్ మార్కెటింగు అను పేరుతో నేడు కళాశాల విద్యార్థులు మొదలు పూతరేకులు చుట్టు గృహిణులవరకు నేర్చుకొనుచున్న విద్య ఈ మూడు సంఖ్యలను కొలుచు విద్య. దాని పనిముట్లు క్రొత్తవి గాని, దాని వెనుకనున్న కొరత చాల పాతది. గోదావరి డెల్టాలో ఆ కొరతకు మూడువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

నర్సాపురమునకు చేరువను, వశిష్ఠ గోదావరి యొడ్డున, మాధవాయపాలెమను గ్రామ ముండెను. పదునేడవ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారు అచట వర్తకస్థానము నెలకొల్పిరి. డచ్చివారి స్థావరము పాలకొల్లులో నుండెను. ఫ్రెంచివారు తరువాతి శతాబ్దమున యానాము చేరిరి. వీరందరును కోరివచ్చినది ఈ ప్రాంతపు నూలుబట్టను. మాధవాయపాలెమను పేరు ఇంగ్లీషువారి నోట ‘మాడపొల్లం’ అయి, ఒక విధమైన మెత్తని, ఒత్తైన నేతగల తెల్లబట్టకు పేరై యూరపు వర్తకుల జాబితాల కెక్కెను. పిమ్మట ఇంగ్లండులోని మిల్లులు తామే ఆ రకపు బట్టను నేసి, అదే పేరుతో అమ్మినవి. ఊరినేమో నది కోసివేసినది. పేరు నిఘంటువులలో మిగిలినది. నేసినవారికి మాత్రము తమ బట్టను ఎవరు కట్టుకొనుచున్నారో, ఎంతకు కొనుచున్నారో ఎన్నడును తెలియలేదు. కంపెనీ గుమాస్తా బయానా ఇచ్చెను, కంపెనీ గుమాస్తా బట్ట కొలుచుకొని పోయెను. నేతగాని కంటికి కనబడిన విపణి అంతే.

మాధవాయపాలెపు బట్ట కథ ముగిసినచోటనే లేసు కథ మొదలైనది. 1836లో భారతదేశమునకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు పిమ్మట గోదావరి డెల్టాకు చేరి నర్సాపురము, పాలకొల్లులలో నివాస మేర్పరచుకొనిరి. అప్పటికి ఆనకట్ట లేదు. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలిడి 1852లో ముగించెను. అంతకు ముందు కరవులును, ఉప్పెనలును ఈ సీమను మార్చి మార్చి పీడించినవి. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున మిషనరీ కుటుంబముల స్త్రీలు ఇచటి పేద స్త్రీలకు క్రోషే సూదితో లేసు అల్లుట నేర్పిరి. కొక్కెపు మొన గల చిన్న సూది, ఒక దారపు ఉండ, రెండు చేతులు. ఇంతకుమించి పెట్టుబడి అక్కరలేదు. మగ్గము వంటి చోటు అక్కరలేదు. పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగా అల్లవచ్చును, బిడ్డను ఊయెల ఊపుచు అల్లవచ్చును. కావున ఈ పని నర్సాపురము, పాలకొల్లు పరిసర గ్రామములలో గడపగడపకు ప్రాకినది. మిషనరీల పరిచయముద్వారా పోయిన లేసు తొలుత విదేశములలో కానుకగా చేరి, క్రమముగా సరకైనది.

ఇచట ఒక విషయము గమనింపవలెను. ఆ స్త్రీలు నేర్చుకొన్నది అల్లుట. అమ్ముట వారికెవరును నేర్పలేదు. దారము ఏజెంటు తెచ్చి ఇచ్చును. నమూనా ఏజెంటు చూపును. అల్లిన పూలను ఏజెంటు లెక్కించి తీసికొనిపోవును. పోనుపోను పనికూడ ముక్కలైనది. ఒక యింట పూలు అల్లుదురు, వేరొక యింట వానిని ఒకదానికొకటి అతుకుదురు. బల్లపై పరచు పెద్ద గుడ్డ పూర్తి రూపమున ఎట్లుండునో పూవు అల్లిన యామె చూడకుండుట కూడ కలదు. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1970వ దశకపు చివర నర్సాపురము ప్రాంతమున పరిశోధన చేసి, 1982లో ఈ లేసు స్త్రీలనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అది ప్రపంచమంతట చదువబడినది. లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో నున్నారనియు, దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లినను వారికి రూపాయికూడ దక్కుట లేదనియు ఆమె లెక్కకట్టెను. ఇది వ్యవసాయ కూలీ స్త్రీకి ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనముకంటె చాల తక్కువ. పైపెచ్చు వీరిని ఎవరును శ్రామికులుగా లెక్కింపలేదు; ‘ఇంటిపట్టున తీరికవేళ చేయు పని’ అని త్రోసివేసిరి. వ్యాపారము చేసి ధనము గడించినవారు పురుషులు.

ఏజెంటును దుష్టునిగా చిత్రించి ఊరకుండుట సులభము. కాని అతనియొద్దనున్న దేమి? విదేశములోని కొనుగోలుదారు చిరునామా, అతనికి ఏ నమూనా నచ్చునో, ఎంతకు కొనునో అను తెలివిడి. అల్లుటకు ఆరు నెలలు సాధన చాలును. ఆ తెలివిడి మాత్రము పల్లె గడపవరకు నడచివచ్చుటకు దారి లేకుండెను. లేసు ధరలో పెద్దభాగము దారమునకు గాని వ్రేళ్లకు గాని గాక ఆ చిరునామాకు చెల్లుచుండెను.

తెలుగువారిలో ఆ తెలివిడి విలువను ముందుగా గ్రహించినవారిలో కాశీనాథుని నాగేశ్వరరావుగారు ముఖ్యులు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారు చేయుట ఆరంభించెను. మందు కొనువాడు ముందు దానిని నమ్మవలెను. నమ్ముటకు ముందు వాడి చూడవలెను. సంగీత సభలలో అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టించెడివాడని ప్రసిద్ధి. 1908లో ఆయన స్థాపించిన ఆంధ్రపత్రిక మొదట బొంబాయినుండి వారపత్రికగా వెలువడి, 1914లో మద్రాసునుండి దినపత్రిక యైనది. మందు రాబడి పత్రికను నిలిపినది, పత్రిక మందును ఊరూర చాటినది. ఆయన దేశసేవను స్మరించునపుడు ఈ వ్యాపార నైపుణ్యమును ప్రక్కకు నెట్టుట మనకు అలవాటు. అది న్యాయము కాదు.

అయినను పత్రికా ప్రకటన కూడ పెద్ద టముకే. పత్రిక ఎన్ని ప్రతులు పోయినవో తెలియును, ప్రకటన ఎందరు చూచిరో తెలియదు. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అను ప్రకటనల రచయిత దీని కొక ఉపాయము వాడెను. ప్రకటన అడుగున కత్తిరించి పంపదగిన కూపను ముద్రింపించి, ఒక్కొక్క పత్రికలోని కూపనుపై ఒక్కొక్క గుర్తు వేయించెను. తిరిగివచ్చిన కూపనులపై గుర్తు చూడగనే ఏ పత్రికలో వేసిన ఏ మాట ఎందరిని కదలించెనో తేలిపోవును. 1923లో ఆయన ఈ పద్ధతులనుగూర్చి చిన్న పుస్తకము వ్రాసెను. నేటి డిజిటల్ ప్రకటనలో ఉన్న కొలత ఆ కూపను గుర్తులో అప్పుడే కలదు. కాలము మాత్రము వారముల నుండి క్షణములకు తగ్గినది.

సరిగా ఆ దినములలోనే ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రమున రొనాల్డ్ ఫిషర్ అను గణాంక శాస్త్రవేత్త వేరొక ప్రశ్నతో పెనుగులాడుచుండెను. రెండు మడులలో రెండు ఎరువులు వేయగా ఒక మడి ఎక్కువ పండినది. అది ఎరువు గొప్పతనమా, మట్టి గొప్పతనమా, లేక కేవలము కాకతాళీయమా? మడులను చీట్లువేసి పంచవలెననియు, ఒకే ప్రయోగమును పలుమార్లు చేయవలెననియు, తేడా కాకతాళీయముగా వచ్చుటకు ఎంత అవకాశమున్నదో లెక్కింపవలెననియు ఆయన నిర్ణయించి, 1935లో తన ప్రసిద్ధ గ్రంథమున వివరించెను. గోదావరి డెల్టావారికి ఈ పద్ధతి పరాయిది కాదు. 1925లో ఏర్పడిన మారుటేరు వరి పరిశోధన కేంద్రములోని మడులు ఇట్టి పరీక్షలకే. 1982లో అచటినుండి వెలువడిన ఎం.టి.యు. 7029, అనగా ‘స్వర్ణ’ వరి, ఇట్టి పోటీలలో నెగ్గి దేశమంతట వ్యాపించినది.

డిజిటల్ మార్కెటింగు నేర్చువాడు మొట్టమొదట చేయవలసిన పని మారుటేరు మడి పనియే. ఒక లేసు గుడ్డకు రెండు ఫోటోలు తీసినారనుకొనుడు. మొదటిది నేలపై పరచి తీసినది, రెండవది బల్లపై వేసి తీసినది. ఒక్కొక్క దానిని వేయిమందికి, వారిని చీట్లు వేసినట్లు ఎట్టి ఎంపికయు లేక విభజించి, చూపినారు. మొదటిదానిని 20 మంది, రెండవదానిని 30 మంది తాకి లోనికి వచ్చిరి. రెండవది మేలని చెప్పవచ్చునా? తొందరపడరాదు. ఉన్నత పాఠశాల విద్యార్థికి అందు మోటు సూత్ర మొకటి కలదు. రెండు సంఖ్యల భేదమును కనుగొని, వాని మొత్తము యొక్క వర్గమూలముతో భాగింపవలెను. ఇచట భేదము 10, మొత్తము 50, దాని వర్గమూలము సుమారు 7.1, భాగఫలము 1.4. ఇది 2కు తక్కువ కావున తేడా కాకతాళీయమై యుండవచ్చును. అదే నాలుగువేల మందికి చొప్పున చూపగా 80, 120 వచ్చిన, భేదము 40, మొత్తము 200, వర్గమూలము 14.1, భాగఫలము 2.8. ఇపుడు నమ్మవచ్చును. నిష్పత్తి రెండుచోట్లను ఒక్కటియే. మారినది చూచినవారి సంఖ్య. ఉపాధ్యాయులు నాణెములు ఎగురవేయించి తరగతిలోనే దీనిని పరీక్షింపవచ్చును. పది రూపాయల ప్రకటనకు నలుగురు స్పందింపగనే ‘ఇదే మంత్రము’ అని చెప్పు శిక్షకులు నేడు పెక్కుమంది కలరు. వారికి ఈ వర్గమూలము చూపుట మంచిది.

ఇక యంత్రము సంగతి. 1994 అక్టోబరు 27న అమెరికాలో ‘హాట్‌వైర్డ్’ అను ఇంటర్నెట్ పత్రిక తన పుటలపై వెడల్పాటి ప్రకటన పలకలు పెట్టెను. పలకను తాకిన ప్రకటనదారుని పుట తెరచుకొనును. తాకిన ప్రతి తాకుడును కంప్యూటరు వ్రాసికొనును. టముకు కొట్టువానికి దొరకని సంఖ్యలలో రెండు ఒక్క దెబ్బతో దొరికినవి. ఆ తొలి దినములలో పలక చూచినవారు వింతకొలది తాకిరి. నేడు నూటికి ఒకరు తాకుట కూడ అరుదు.

తరువాత వచ్చిన మార్పు మరింత గొప్పది. పత్రికలో ప్రకటన వెల సంపాదకుని కార్యాలయము నిర్ణయించును. 1998లో ‘గోటూ’ అను అమెరికను సంస్థ, వెదకు మాటలను వేలము వేసెను. ఒకడు ‘లేసు’ అని వెదకినపుడు ఎవరి ప్రకటన పైన కనబడవలెనో వేలమే నిర్ణయించును, తాకినపుడే డబ్బు. గూగుల్ సంస్థ 2000లో తన ప్రకటనల విభాగము తెరచి, 2002లో వేలమును రెండు విధముల మార్చెను. మొదటిది: గెలిచినవాడు తన పాట చెల్లింపనక్కరలేదు, తన క్రిందివానిని దాటుటకు చాలినంత చెల్లించిన చాలును. ముగ్గురు 10, 7, 4 రూపాయలు పాడిరనుకొనుడు. మొదటివాడు గెలిచి సుమారు 7 రూపాయలే ఇచ్చును. ఇందుకు మూలమైన సిద్ధాంతమును విలియం వికరీ 1961లో వివరించెను. 1996లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. రెండవ మార్పు చిన్న వర్తకునకు ఇంకను ముఖ్యము. పాటను ఒక్కటే చూడక, ప్రకటనను నూటికి ఎందరు తాకుదురో దానితో గుణింతురు. ధనవంతుడు 10 రూపాయలు పాడినను అతని ప్రకటనను నూటికి ఒకరే తాకినచో 10×1=10. లేసు సంఘము 5 రూపాయలే పాడి, చూచువారికి నచ్చు ప్రకటన వ్రాసి నూటికి నలుగురిచేత తాకింపగలిగినచో 5×4=20. పై స్థానము సంఘమునకే. నేటి లెక్కలో ఇంక ఎన్నో అంశములు చేరినవి, కాని గుణకారము ఈ తీరుననే సాగును.

ఏజెంటు చేతిలోని తెలివిడి ఇట్లు పల్లెకు దారి పట్టినది. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఆ దారి మొదట చేపల, రొయ్యల చెరువుల గట్లమీదుగా వచ్చినది. రొయ్యకు ధర ‘కౌంటు’ను బట్టి యుండును, కిలోకు 30 తూగు రొయ్యకు ఒక ధర, 40 తూగుదానికి తక్కువ ధర. పట్టుబడి పట్టిన తరువాత రైతుకు బేరమాడు వ్యవధి లేదు, సరకు చెడిపోవును. 2000లో మధ్యప్రదేశ్‌లో సోయా రైతులకు ఐ.టి.సి. సంస్థ ‘ఇ-చౌపాల్’ అను పేరున పల్లెలలో కంప్యూటర్లు పెట్టించి, 2001లో ఆంధ్రప్రదేశ్ రొయ్యల రైతులకు దానిని విస్తరించెను. పట్టుబడికి ముందే ధర తెలిసికొను వీలు కొందరికైనను కలిగినది. ధర తెలియుట వలన ఏమగునో కేరళలో కొలిచిన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జెన్సెన్. 1997 మొదలు 2001 వరకు అచటి తీరమున సెల్‌ఫోను వ్యాపించినపుడు జాలరుల లాభము సుమారు 8 శాతము పెరిగెననియు, కొనువారికి చేప ధర సుమారు 4 శాతము తగ్గెననియు 2007లో ఆయన ప్రకటించెను. ఇరుపక్షములకును లాభము కలుగుట వింతగా తోచవచ్చును. అంతకు ముందు ఒక రేవున చేప మిగిలి సముద్రమున పారవేయబడుచుండగా, ప్రక్క రేవున దొరకక ధర మండుచుండెడిది. ఆ వృథా పోయినది.

స్త్రీల చేతికి ఇంటర్నెట్ ఆలస్యముగా చేరినది. 2015లో గూగుల్, టాటా ట్రస్టులు కలిసి ఆరంభించిన ‘ఇంటర్నెట్ సాథీ’ పథకము పల్లె స్త్రీలకు పల్లె స్త్రీల చేతనే ఇంటర్నెట్ వాడుక నేర్పించినది. పిమ్మట ఆంధ్రప్రదేశ్‌కు కూడ వచ్చినది. 2016లో ఇంటర్నెట్ వెల ఒక్కసారిగా పడిపోయెను. 2018లో చిన్న వర్తకులకొరకు వాట్సాప్ బిజినెస్ వెలువడెను. నేడు కడియపులంక నర్సరీలో మొక్క ఫోటో, ఉప్పాడ జాందానీ చీర అంచు, ఆత్రేయపురము పూతరేకుల పెట్టె సెల్‌ఫోనులో ప్రయాణము చేయుచున్నవి.

అయితే దళారి అంతరించెనా? లేదు, వేషము మార్చినాడు. ప్రకటన వేలము నడుపు సంస్థ తాకుడుకు ఇంత తీసికొనును. సరకు అమ్మిపెట్టు అంగడి అమ్మకముపై ఇంత పట్టుకొనును. ఎవరి సరకు ఎవరికి చూపవలెనను సూత్రము వారి కంప్యూటర్లలోనే యుండును, అది మారినపుడు అమ్ముకొనువానికి ముందుగా చెప్పరు. పాత ఏజెంటుతో గడపలో నిలిచి తగవులాడవచ్చును. ఈ క్రొత్త ఏజెంటునకు గడప లేదు. ఇందుకు లేసు స్త్రీల చేతిలో మిగిలిన ఆయుధము, నేర్చుకొనువారందరును తప్పక చేయవలసిన ఒక చిన్న లెక్క.

ఒక తాకుడుకు 5 రూపాయలు పడునని, తాకిన నూరుగురిలో ఒకరు కొందురని అనుకొనుడు. అనగా ఒక్క అమ్మకమునకు ప్రకటన ఖర్చు 500 రూపాయలు. 300 రూపాయల చిన్న లేసు గుడ్డను ఇట్లు అమ్మినచో ప్రతి అమ్మకమునందును నష్టమే. ఎంత ఎక్కువ అమ్మిన అంత నష్టము. నాలుగువేల రూపాయల బల్ల గుడ్డకు అదే ఖర్చు భరింపదగినది. లేదా నూటికి ఒకరు కొనుచోట ముగ్గురు కొనునట్లు చేయవలెను. ఫోటో, కొలతలు, ఉతుకు విధానము, తిరిగి పంపు షరతు స్పష్టముగా వ్రాసినచో అది అసాధ్యము కాదు. లేదా ఒకసారి కొన్న వ్యక్తి చిరునామా దాచుకొని, రెండవసారి ప్రకటన లేకయే అమ్మవలెను. ఒంటరిగా అల్లు ఒక యిల్లాలికి ఈ మూడును కష్టము. ముప్పది యిండ్లు కలిసిన సంఘమునకు సాధ్యము. అపుడు ఆ ముప్పది యిండ్ల సరకునకు ఒక్క పేరు కావలెను. చైనా యంత్రపు లేసు చౌకగా వచ్చి పడుచుండగా, కొనువాడు చేతి అల్లికను గుర్తించుటకు పేరు తప్ప వేరు ఆధారము అంత సులభముగా దొరకదు.

ఆ పేరును కాపాడు చట్టము భారతదేశమున 1999లో చేయబడి, 2003 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చెను. భౌగోళిక గుర్తింపు అనబడు ఈ నమోదు ఉప్పాడ జాందానీకి 2009లో, ఆత్రేయపురము పూతరేకులకు 2023లో లభించినది. నర్సాపురము క్రోషే లేసుకు 2024లో లభించినది. దానిని కోరి పొందినది గోదావరి డెల్టా లేసు స్త్రీల సంఘము. ఈ పేరును ఇతర ప్రాంతపు సరకుపై గాని, యంత్రపు సరకుపై గాని వేయుట ఇపుడు నేరము. అయితే సంఘమునకు నమోదైనంతమాత్రమున అల్లు ప్రతి స్త్రీకిని ఆ గుర్తు వాడు హక్కు దానంతటదియే రాదు. అధీకృత వినియోగదారుగా ఆమె పేరు వేరుగా నమోదు చేయించుకొనవలెను. నమోదు పది సంవత్సరములు చెల్లును, తరువాత రుసుము కట్టి పొడిగించుకొనవచ్చును.